ఎనిమిది వారాల ప్రీసీజన్ డైరీ: గళ్లు పనికొచ్చాయి, సూక్తులు కాదు

సీజన్‌కు ముందు సాగే కఠిన శిక్షణ కోసమే అచ్చువేసిన ఒక కాగితపు డైరీని ఎనిమిది వారాల పాటు, చివరి పేజీ వరకు వాడి చూశాను. నేను ఔత్సాహిక ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్‌ని. మ్యాచ్‌లు ఉన్న రోజుల్లో ఉత్సాహానికి లోటుండదు గానీ, బంతి కంటే పరుగులే ఎక్కువగా ఉండే ప్రీసీజన్‌లో మూడో వారానికల్లా బూట్ల లేసులు కట్టుకోవడానికి కూడా మనసొప్పదు. ఆ మూడో వారాన్ని ఈ డైరీ దాటించగలదా అన్నదే నేను చూడదలచుకున్నది.

రోజుకో పేజీ ఉంది. నిద్రపోయిన గంటలు, లేవగానే చూసుకున్న నాడి, శిక్షణ సాగిన నిమిషాలు, అది ఎంత కష్టంగా తోచిందన్న అంచనా రాసుకోవడానికి గళ్లు ఇచ్చారు. కష్టానికి 0 నుంచి 10 లోపు అంకె వేసుకోవాలి. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన పద్ధతి దీనికి మూలం. ఆ అంకెతో నిమిషాలను గుణిస్తే ఆ రోజు శరీరం మోసిన భారం ఎంతో తెలుస్తుంది. శిక్షణ ముగిశాక అరగంట ఆగి అంకె వేయమని మొదటి పేజీలోనే చెప్పడం సబబుగా ఉంది, ఎందుకంటే చివరి పరుగు ముగించి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నవాడిని అడిగితే పదికి తక్కువ చెప్పడు.

ఈ గళ్ల విలువ నాకు వెంటనే తెలియలేదు. మొదటి వారం మంగళవారం 70 నిమిషాల షటిల్ పరుగులకు (రెండు గీతల మధ్య అటూ ఇటూ తీసే పరుగులు) 8 వేశాను, అంటే భారం 560. ఐదో వారంలో అవే పరుగులు అంతే సేపు చేసినా 6 కంటే ఎక్కువ వేయాలనిపించలేదు. భారం 420కి దిగింది. "మెరుగవుతున్నావు" అని కోచ్ ఎన్నిసార్లు చెప్పినా కుదరని నమ్మకం, నా చేతిరాతలో ఉన్న ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసినప్పుడు కుదిరింది. మరో సంగతి కూడా ఈ పేజీలు తిరగేస్తేనే బయటపడింది. ప్రతి గురువారం నన్ను పట్టుకునేది బద్ధకమని ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను. అలవాటులేని శ్రమ తర్వాత కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లోపు తీవ్రమవుతుంది. నా గురువారాలు మంగళవారం పరుగుల బాకీలేనని తేలాక, ఆ రోజు మైదానానికి వెళ్లడం తేలికైంది. మూడో వారాన్ని దాటించింది ఇదే.

లోపాలూ ఉన్నాయి. ప్రతి పేజీ అడుగున ఒక స్ఫూర్తి వాక్యం అచ్చువేశారు. పిక్కలు పట్టేసిన సాయంత్రం "నొప్పిని ప్రేమించు" అని చదవవలసి రావడం చిరాకు పుట్టించింది. ఆ స్థలాన్ని ఖాళీగా వదిలి ఉంటే రెండు ముక్కలు రాసుకునేవాడిని. అంతకంటే పెద్ద లోపం, శిక్షణకు వెళ్లని రోజున ఎర్ర గడిలో గుర్తు పెట్టమనడం. చీలమండ బెణికి నాలుగు రోజులు విశ్రాంతి తీసుకున్నప్పుడు ఆ నాలుగు ఎర్ర గుర్తులూ నేరారోపణల్లా కనిపించాయి. భారం తగ్గించుకోవలసిన వారం ఒకటుంటుందన్న ఊహే ఈ డైరీ తయారీలో లేదు. ఇక కాగితం, చెమట చేతులు తగలగానే సిరా అలుక్కుపోయే రకం. పెన్సిల్ వాడటం మేలు.

శిక్షణ వివరాలను ఫోన్‌లోనో గడియారంలోనో క్రమంగా నమోదు చేసుకునేవారికి దీని అవసరం లేదు. జట్టుతో కలిసి కష్టపడుతున్నా తన ఎదుగుదల తనకు కనిపించని ఆటగాడికి మాత్రం నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను. వచ్చే ప్రీసీజన్ కోసం మరో ప్రతి కొన్నాను. దాని నాలుగో వారం పేజీల మీద "సగం భారం" అని పెన్సిల్‌తో ముందే రాసిపెట్టుకున్నాను.