డైరెక్టర్ల బాధ్యతల మీద ఒకరోజు క్లాసు: వెళ్లి తీరాల్సిందే

మా బావగారి పైపుల కంపెనీలో ఆరేళ్లుగా నేనూ ఒక డైరెక్టర్ని. ఆయన పంపిన కాగితాల మీద సంతకం పెడితే నా పని అయిపోయినట్టే అనుకునేవాణ్ణి. పోయిన శనివారం హైదరాబాద్‌లో ఒక సీనియర్ లాయరుగారి క్లాసుకు (ఫీజు 4,000) వెళ్లాక భయం పట్టుకుంది.

పొద్దున్నే మమ్మల్నే ఒక ఉత్తుత్తి కంపెనీ బోర్డుగా (డైరెక్టర్ల బృందంగా) కూర్చోబెట్టి, తలా ఒక 40 పేజీల ఫైలు ఇచ్చి, కంపెనీ అమ్మేస్తున్నాం అని 20 నిమిషాలు మాట్లాడి, తీర్మానం మీద సంతకాలు అడిగారు. పెట్టేశాం. ఒక్కావిడ మాత్రం "ఈ ధర ఎవరు లెక్కగట్టారండీ?" అంది. తిప్పి చూస్తే ఆ లెక్క ఉండాల్సిన పేజీ ఖాళీ!

అప్పుడు చెప్పారు ట్రాన్స్ యూనియన్ కథ. 1980లో ఆ అమెరికా కంపెనీ బోర్డు 20 నిమిషాల నోటిమాట విని, ఒప్పందం కాగితం చూడకుండా, రెండు గంటల మీటింగులో షేరు 55 డాలర్లకు అమ్మడానికి ఒప్పేసుకుంది. మార్కెట్ ధర కంటే అది బాగా ఎక్కువే, పైగా ఎవరూ మోసం చేయలేదు. అయినా 1985లో అక్కడి డెలావేర్ రాష్ట్ర సుప్రీంకోర్టు, విషయం తెలుసుకోకుండా నిర్ణయం తీసుకోవడం ఘోరమైన నిర్లక్ష్యమే అంది.

మన దగ్గర డేల్ అండ్ కారింగ్టన్ కేసులో ఒక ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) తనకు తానే షేర్లు కేటాయించుకుని మెజారిటీ లాగేసుకుంటే, 2004లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపే చెల్లదంది. షేర్లు జారీ చేసే అధికారం కంపెనీ మేలు కోసం ఇచ్చిందట, కుర్చీ కాపాడుకోవడానికి కాదట. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 166 ప్రకారం డైరెక్టరు అక్రమంగా లాభపడితే అంత సొమ్మూ కంపెనీకి కట్టాలి, బాధ్యత తప్పితే 1 లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా. సత్యం బోర్డు 2008 డిసెంబరులో, ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు సరేనని, ఇన్వెస్టర్లు భగ్గుమనేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గిన సంగతి చెబుతుంటే గదిలో చప్పుడు లేదు, అది మన ఊరి కథ కదా.

లోపం ఒకటే. బంధువుల సంస్థలతో లావాదేవీల గురించి, మాలాంటి ఇంటి కంపెనీలకు అసలు కావాల్సింది అదే, చివర్లో పావుగంటలో ముగించేశారు. దానికి ఒక పూట ఇవ్వాలి.

సోమవారం బావగారికి ఫోన్ చేసి మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, మీటింగ్ మినిట్స్ పంపమన్నాను. "ఏంటి బావా, నా మీద నమ్మకం లేదా?" అన్నారు. ఉంది బావగారూ, కానీ ఇకమీదట చదివే సంతకం పెడతాను అన్నాను. బుధవారం ఫైళ్లు వచ్చాయి, చదువుతున్నాను.