ఆర్‌ఎక్స్ 100కు బాక్స్ సెక్షన్ స్వింగ్ ఆర్మ్: బిగించి చూశాక

మన దేశంలో 1996తో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 బైకును కెఫే రేసర్‌గా (పాతకాలపు రేసు బైకు తీరులో) మలుస్తూ, దాని పాత గొట్టపు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపి పైకీ కిందికీ కదలనిచ్చే చేయి) స్థానంలో ఒక స్థానిక వర్క్‌షాపు తయారుచేసిన బాక్స్ సెక్షన్ (నాలుగు పలకల గొట్టంతో చేసిన) ఉక్కు ఆర్మ్‌ను బిగించాను. వెల్డింగ్ చాలా బాగుంది. అతుకు ఎక్కడా తెగకుండా ఒకే వెడల్పుతో సాగింది. అయితే పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) పివట్ గొట్టం, అంటే ఆర్మ్ ఫ్రేమ్‌కు బిగిసి కదిలే చోటి గొట్టం లోపలికి కూడా పాకినందున, దాన్ని శుభ్రంగా గీకి తీసేదాకా అందులో ఇమడాల్సిన తొడుగులైన బుష్‌లు ఎక్కలేదు. ఆ రంధ్రాన్ని మూసి రంగు వేయడం తయారీదారు కనీస బాధ్యత.

అంతకన్నా పెద్ద లోపం చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్ గీతలది. రెండు వైపులా ఒకే గీత దగ్గర ఇరుసును నిలిపినా వెనక చక్రం కాస్త పక్కకు తిరిగే ఉండడంతో, పివట్ బోల్ట్ మధ్య నుంచి ఇరుసు మధ్య వరకు ఇరువైపులా కొలిచి సమం చేయాల్సి వచ్చింది. డ్రమ్ బ్రేకు ప్లేటు తిరగకుండా ఆపే టార్క్ రాడ్‌కు పట్టు మాత్రం సరైన చోటే, దృఢంగా ఉంది. ప్రాణాలతో ముడిపడిన భాగం కనుక దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఓపికగా కొలతలు తీసుకోగలిగినవారు దీన్ని నిశ్చింతగా కొనవచ్చు. షాక్ అబ్జార్బర్లు తగిలించే ముందు ఆర్మ్‌ను పైకెత్తి వదిలితే అది పక్కలకు ఊగకుండా, ఎక్కడా పట్టేయకుండా తన బరువుతోనే కిందికి దిగాలి.