ఏటిగట్టు లోపల ఏముందో చూడటానికి ఏది మేలు: బోరా, కరెంటా, మ్యువాన్లా?

ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన రాత్రి, కోనసీమ గట్ల మీద టార్చిలైట్లు కదులుతూనే ఉంటాయి. నీరు పైనుంచి పొర్లుతుందన్న దిగులు కన్నా అడుగున ఊట పుడుతుందన్న భయమే ఎక్కువ. తేటనీరు కారినంతసేపు ఫరవాలేదు. అది మట్టిరంగు తిరిగిందంటే లోపల గట్టు కరుగుతోందన్నమాట, ఇక ఇసుక బస్తాలే దిక్కు. ఆ ఊటకు దారిచ్చే బొరియను వేసవిలోనే పట్టుకోవాలి.

బోరు వేస్తే మట్టి చేతికే వస్తుంది. కానీ అది దిగిన చోటు సంగతే చెబుతుంది, రెండడుగుల అవతల ఎలుక కన్నమున్నా తెలియదు. పైగా ఆ రంధ్రాన్ని గట్టిగా పూడ్చకపోతే అదే కొత్త ఊటకు దారి.

రెండో పద్ధతిలో గట్టు పొడవునా కడ్డీలు గుచ్చి కరెంటు పంపుతారు. తడి బంకమట్టి దాన్ని సులువుగా పోనిస్తుంది. పొడి ఇసుక, ఖాళీ అడ్డుకుంటాయి. పని వేగంగా సాగుతుంది కానీ బొమ్మ మసకగా వస్తుంది, లోతున్న చిన్న కన్నం అందులో కలిసిపోతుంది.

ఇక మ్యువాన్లు, అంటే కంటికి కనపడని సూక్ష్మ కణాలు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు పైవాతావరణంలో గాలి అణువులను ఢీకొన్నప్పుడు పుట్టి, మన అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతూనే ఉంటాయి. దట్టమైన పదార్థంలో ఎక్కువ ఆగిపోతాయి, ఖాళీ ఉన్న వైపు నుంచి ఎక్కువ వస్తాయి. ఈజిప్టులో ఖుఫు పిరమిడ్ లోపల కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీని 2017లో బయటపెట్టింది ఇవే. గామా కిరణాలు అర మీటరు కాంక్రీటుకే అలసిపోతాయి, ఇవి వందల మీటర్ల రాతిని దాటగలవు. మనకిది కొత్త విద్య కూడా కాదు: ఊటీలోని గ్రేప్స్-3 విశ్వకిరణాల పరిశోధన కేంద్రం 2014 డిసెంబరు 1న ఒక ఉరుము మేఘంలోని 130 కోట్ల వోల్టులను మ్యువాన్ల లెక్కతోనే తేల్చింది.

అయినా ఏటిగట్టుకు నేను మ్యువాన్లను ఎంచుకోను. ఇవి ఎక్కువగా నడినెత్తి నుంచే వస్తాయి, కాబట్టి వీటిని లెక్కపెట్టే పరికరం గట్టు కిందికి చేరాలి. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. పక్కన పెడితే అడ్డంగా వచ్చేవి బహు తక్కువ. పదివేల మ్యువాన్లు లెక్కపెడితే వంద అటూ ఇటూ కావడం సహజం. అయిదు మీటర్ల మట్టిలో బెత్తెడు కన్నం తెచ్చే తేడా కూడా దాదాపు అంతే. దాన్ని నమ్మకంగా చూపాలంటే ఒక్కో దిక్కుకు లక్ష దాకా కావాలి. అన్ని కిలోమీటర్ల గట్టుకు అంత ఓపిక ఎక్కడిది? ముందు కరెంటు, అనుమానం వచ్చిన చోట బోరు.

పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీది పాత అక్విడక్టు, అంటే కాలువను ఏరు దాటించే వంతెన, సంగతి వేరు. పందొమ్మిదో శతాబ్దపు కట్టడం, బోరు వేయడానికి మనసొప్పదు. దాని కమాను కింద చోటు ఉంది, నెత్తి మీద మందపాటి కట్టడం ఉంది, పైనుంచి మ్యువాన్లు వాటంతటవే వస్తాయి. ఫిబ్రవరిలో ఒక కమాను కింద పరికరం పెట్టి, ఏటికి ఎర్రనీరు రాకముందే తీసుకుంటే చాలు.