పేజీ తిప్పడానికి బటనా, టచ్‌స్క్రీనా? తెలుగు చదివేవారికి ఏది మేలు?

పుస్తకాలు చదవడానికే చేసిన తెర యంత్రం ఈ-రీడర్. దాన్ని కొనాలనుకునేవారు తెర ఎంత పెద్దదని అడుగుతారు, ధర అడుగుతారు, లోపల లైటు ఉందా, ఛార్జింగ్ ఎన్నాళ్లు ఆగుతుందని అడుగుతారు. పేజీ ఎలా తిప్పాలని అడిగేవారు అరుదు. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే. పుస్తకం తెరిచాక ఆ యంత్రంతో మనకు పడే పని దాదాపు అదొక్కటే. చదివినంతసేపూ తిప్పుతూనే ఉంటాం.

తెలుగు చదివేవారు ఇంకా ఎక్కువ తిప్పాలి. మన లిపిలో గుణింతాలు పైకి పోతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. వరుసల మధ్య చోటు వదలకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. అక్షరం కాస్త పెద్దదిగా ఉంటే తప్ప ‘ఘ’కూ ‘ఫ’కూ తేడా తెలియదు. అందువల్ల ఆరంగుళాల తెర మీద ఇంగ్లిషు పట్టినంతగా తెలుగు పట్టదు. వేలికి పని పెరుగుతుంది.

స్కాన్ చేసిన పుస్తకాల సంగతి మరీను. మనలో చాలామంది చదివేది అవే. 2016 చివర్లో అమెజాన్ తన ఈ-రీడర్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. పాత తెలుగు పుస్తకాలు కావాలంటే ఇప్పటికీ పీడీఎఫ్‌లే దిక్కు. డెమీ సైజు పుస్తకం పేజీ సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు ఉంటుంది. ఆరంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు మూడున్నర పైచిలుకే. పేజీ మొత్తాన్ని అందులో ఇమిడిస్తే అక్షరం సగానికి కుంగిపోయి ఒత్తులు చుక్కల్లా కనిపిస్తాయి. అందుకని యంత్రాన్ని అడ్డంగా తిప్పి, అంచుల్లో ఖాళీ కత్తిరించి చదవాలి. అప్పుడు అక్షరం దాదాపు అచ్చులో ఉన్నంత అవుతుంది గాని, ఒక్కో పేజీ రెండు ముక్కలుగా వస్తుంది. మూడు వందల పేజీల నవలకు ఆరు వందల సార్లు ముందుకు జరపాలి. ఆ ఆరు వందల సార్లు వేలు ఏం చేయాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

2007లో వచ్చిన తొలి కిండిల్‌కు టచ్ లేదు. రెండు పక్కలా పొడవాటి మీటలుండేవి. అవి ఎంత పెద్దవంటే, పట్టుకోబోయినా నొక్కుకుపోయి పేజీ మారేది. 2011లో వచ్చిన టచ్ లేని చిన్న కిండిల్‌లో ఆ లోపం సరిదిద్దారు. రెండు అంచుల్లోనూ సన్నని బటన్లు, ముందుకు పోయేది పొడుగు, వెనక్కి వచ్చేది పొట్టి. ఏ చేత్తో పట్టుకున్నా బొటనవేలి కిందే ఉండేవి. అదే ఏడాది టచ్ కిండిల్ కూడా వచ్చింది. 2012లో వచ్చిన పేపర్‌వైట్ రకానికి పేజీ తిప్పే బటన్లు లేవు. 2014లో వాయేజ్ అనే రకంలో, అంచును కాస్త అదిమితే చిన్న అదురుతో పేజీ మారే ఏర్పాటు చేశారు. 2016లో ఒయాసిస్‌తో అసలైన బటన్లు తిరిగొచ్చాయి, 2024లో ఒయాసిస్ కూడా ఆగిపోయింది. అంటే ఇప్పుడు కొత్త కిండిల్ కొంటే బటన్ లేనట్టే. బటన్ కావాలనుకుంటే కోబో లిబ్రా, పాకెట్‌బుక్, బూక్స్ రకాల్లో వెతుక్కోవాలి.

ముందు టచ్‌కు దక్కాల్సిన మార్కులు దానికివ్వాలి. చదవడమంటే పేజీ తిప్పడం ఒక్కటే కాదు. మాటకు అర్థం కావాలంటే దాని మీద వేలు ఆనించి ఉంచితే నిఘంటువు తెరుచుకుంటుంది. వాక్యం కింద గీత గీయాలంటే వేలితో లాగితే సరిపోతుంది. విషయసూచికలో పన్నెండో అధ్యాయం మీద తడితే అక్కడికి పోతుంది. 2011 నాటి ఆ బటన్ల కిండిల్‌లో ఇదే పని చేసినవారికి తెలుసు ఎంత ప్రయాసో. నడుమనున్న చదరపు మీటతో కర్సర్‌ను ఒక్కో వరుసా దింపుకుంటూ, ఆ తర్వాత ఒక్కో మాటా దాటించుకుంటూ పోవాలి. ఏదైనా వెతకాలంటే తెర మీద అక్షరాల పట్టీ వస్తుంది, ఒక్కో అక్షరం దగ్గరికీ మీట నొక్కుకుంటూ చేరాలి. చదువు పక్కకు పోయి మీట నొక్కడమే పనవుతుంది. పీడీఎఫ్‌లో ఒక మూలనున్న పట్టికను పెద్దది చేసి చూడాలంటే రెండు వేళ్లతో సాగదీయడాన్ని మించిన ఉపాయం లేదు.

కాబట్టి హనుమకొండలో గ్రూప్స్‌కో, ఉపాధ్యాయ పరీక్షలకో సిద్ధమయ్యే పిల్లలు బటన్ కోసం వెతకనక్కర్లేదు. వారి చదువులో వెనక్కీ ముందుకీ పోవడం, గీతలు గీయడం, పటాలు చూడటం ఎక్కువ. వారికి కావాల్సింది పది అంగుళాల టచ్ తెర. దాని మీద పెన్నుతో రాసుకునే వీలుంటే మరీ మంచిది.

కథలూ నవలలూ చదివేవారి దారి వేరు. వారు గంటల తరబడి ముందుకే పోతారు. అక్కడ బటన్ గెలుస్తుంది, అదీ చిన్న తేడాతో కాదు.

బటన్ మీద బొటనవేలు ఎప్పుడూ ఆనే ఉంటుంది. పేజీ తిప్పాలంటే వేలు కదలనక్కర్లేదు, కాస్త బలం చాలు. నొక్కిన సంగతి వేలికే తెలిసిపోతుంది. దారి మీంచి కళ్లు తిప్పకుండా గేరు మార్చే డ్రైవరు చెయ్యిలాగా, కన్ను వాక్యం మీదే ఉండిపోతుంది. టచ్‌లో అలా కాదు. వేలిని అంచు మీంచి ఎత్తి, తెర మీదికి తెచ్చి, తట్టి, మళ్లీ అంచుకు చేర్చాలి. ఈ-రీడర్లలో వాడే ఈ-ఇంక్ తెర మారడానికి రెప్పపాటు ఎలాగూ పడుతుంది. ఆ క్షణంలో ‘తగిలిందా, తగల్లేదా’ అన్న సందేహం వస్తుంది. మళ్లీ తడితే రెండు పేజీలు దాటిపోతాయి. చాలా రకాల్లో తెరకు ఎడమ అంచున తడితే వెనక్కి, మిగతా చోట తడితే ముందుకు, పైన తడితే మెనూ. ఎడమ చేత్తో పట్టుకున్నవారి బొటనవేలు సరిగ్గా ఆ వెనక్కిపోయే పట్టీ మీదే పడుతుంది. ప్రతి పేజీకీ వేలిని అడ్డంగా జరపాల్సి వస్తుంది. అమరిక మార్చుకునే వీలు అన్నింటిలోనూ ఉండదు.

స్కాన్ పుస్తకాల్లో తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పేజీని పెద్దది చేసుకున్నాక వేలు జరిపితే బొమ్మ జరుగుతుంది, పేజీ మారదు. కాస్త ఏటవాలుగా జరిగితే వరుస మొదటి అక్షరాలు తెర బయటికి పోతాయి. సరైన అమరిక ఉన్న రకంలో బటనైతే కచ్చితంగా ఒక తెర మేర కిందికి దించుతుంది. అయితే ఒక మాట చెప్పాలి. బటన్లు ఒకే పక్కనున్న రకాన్ని అడ్డంగా తిప్పితే అవి పైకో కిందికో పోతాయి. చేతికి అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు 130 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున పూట రైల్లో సీటు దొరకదు. ఒక చేత్తో పైనున్న కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని చదువుకుంటూ పోయేవారికి ఈ చర్చే అక్కర్లేదు. టచ్ తెరను ఒక్క చేత్తో తట్టాలంటే పట్టు సడలించాలి. రైలు కుదుపులో పట్టు సడలించడం ఎవరికీ ఇష్టముండదు.

ఇక మన ఎండలు. ఇప్పటి తెరల్లో ఎక్కువ భాగం కెపాసిటివ్ రకం. వేలు తగిలినప్పుడు తెర మీద విద్యుదావేశంలో వచ్చే చిన్న మార్పును పసిగట్టి పనిచేస్తాయి. మే నెల వరంగల్ ఉక్కలో చెమట వేలితో తడితే ఒక్కోసారి అందదు, చెమట బొట్టు తెర మీద పడితే ఒక్కోసారి దానంతటదే పేజీ మారుతుంది. నీళ్లలో తడిసినా పాడుకాని రకాలు వచ్చాయి గాని, వాటికీ నీటి బొట్టుకూ వేలికీ తేడా తెలియడం కష్టమే. పాత ఇన్‌ఫ్రారెడ్ రకాల తీరు ఇంకొకటి. వాటి అంచుల్లో కంటికి కనిపించని కాంతి కిరణాలు అటూ ఇటూ పోతుంటాయి, ఏది అడ్డుపడినా వేలే అనుకుంటాయి. తొలకరి వానలకు ఉసిళ్లు లేచిన రాత్రి అలాంటి తెర ముందు కూర్చుంటే పురుగు వాలినప్పుడల్లా పేజీ మారుతుంది. బటన్‌కు చెమటా లేదు, ఉసిళ్లూ లేవు. సంక్రాంతికి సకినాలు తింటూ చదివినా తెర మీద నూనె మరక పడదు.

చివరగా చెప్పినా నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది పెద్దవారి సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టి ఇల్లు నడిపిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏళ్ల తరబడి ఆకు మడిచి, కొసలు నొక్కి, వారి వేళ్ల చివర్లు గట్టిపడి, గీతలు అరిగిపోయి ఉంటాయి. ఎండిపోయిన, కాయలు కాచిన చర్మాన్ని కెపాసిటివ్ తెర సరిగా పట్టుకోలేదు. మా పెద్దమ్మ చేతులు అలాంటివే. కథలంటే ప్రాణం ఆమెకు. టచ్ ఈ-రీడర్ చేతికిస్తే ఒకసారి తట్టింది, రెండోసారి తట్టింది, మూడోసారి గట్టిగా నొక్కింది. పేజీ కదల్లేదు. “ఇది నా వేలిని గుర్తుపట్టదు బిడ్డా” అని తిరిగి ఇచ్చేసింది. బటన్లున్న పాత రకం ఇచ్చాక మధ్యాహ్నమంతా చదువుతూ కూర్చుంది. చేతులు వణికేవారిదీ, పక్షవాతం వచ్చి ఒక చెయ్యే పనిచేసేవారిదీ ఇదే పరిస్థితి. తెరను తడితే ఒక చోట పడాల్సిన వేలు ఇంకో చోట పడి, మెనూ తెరుచుకుని, పుస్తకం ఎక్కడికో పోతుంది. తిరిగి తెచ్చుకోవడం వారి వల్ల కాదు, ఇంట్లో పిల్లలు రావాలి. తయారీదారులు బటన్ తీసేసినప్పుడు ముందుగా దూరమైంది ఇలాంటి పాఠకులే. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

బటన్లకు లోపాలు లేవని కాదు. టిక్కుమనే చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న రాత్రి పక్కనున్నవారి నిద్ర చెడగొడుతుంది. సందుల్లో దుమ్ము చేరుతుంది. నొక్కగా నొక్కగా స్ప్రింగు మెత్తబడుతుంది, మన ఊళ్లో దాన్ని బాగుచేసేవారు దొరకరు. బటన్లున్న రకాల ధరా ఎక్కువే. పైగా ఒక పక్క అంచు వెడల్పుగా ఉండటంతో జేబులో పట్టవు.

అయినా ఎంపిక ‘ఇదో అదో’ కానక్కర్లేదు. ఇప్పుడు బటన్లున్న రకాలన్నింటికీ దాదాపుగా టచ్ కూడా ఉంది. తిప్పడం బటన్‌తో, వెతకడం, గీత గీయడం వేలితో. డబ్బు సమకూరితే తీసుకోవాల్సింది అదే. కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుంటే తెర దానంతటదే తిరగబడుతుందా, ఏ బటన్ ముందుకు ఏది వెనక్కి అన్నది మనం మార్చుకోవచ్చా, స్కాన్ పీడీఎఫ్‌ను అడ్డంగా పెట్టినప్పుడు బటన్ ఒక తెర మేర దించుతుందా లేక పేజీ మొత్తం దాటేస్తుందా. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఫోన్ల దుకాణాలకు కొదవ లేదు గాని, ఈ-రీడర్‌ను చేతికిచ్చి చూపించే చోటు దొరకడం కష్టం. కొన్నవారెవరైనా ఉంటే ఒక పూట అడిగి తెచ్చుకుని చూడటం మంచిది.

ఇప్పటికే టచ్ ఈ-రీడర్ కొనేసినవారికి ఒక దారి ఉంది. తెర అంచుకు క్లిప్పులా పట్టించే చిన్న పరికరం, దానితోపాటు చేతిలో పట్టుకునే రిమోట్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. రిమోట్ నొక్కితే క్లిప్పు వేలిలాగా తెరను తడుతుంది. అందంగా ఉండదు, తెర మీద కాస్త చోటు మింగుతుంది. కానీ మంచం పట్టినవారికి, చేతులు వణికేవారికి అది పెద్ద ఆసరా.

ఆండ్రాయిడ్ ఫోనులోనే చదివేవారు ఏమీ కొనక్కర్లేదు. రీడ్‌ఎరా, మూన్ ప్లస్ రీడర్, కిండిల్ యాప్‌లలో వాల్యూమ్ మీటలతో పేజీ తిప్పే సెట్టింగు ఉంది. దాన్ని ఆన్ చేసి ఒక నవల పూర్తిగా చదివి చూడండి. ఆ తర్వాత మళ్లీ తెరను తట్టి తిప్పడం చికాకనిపిస్తే, మీరు కొనాల్సింది బటన్లున్న ఈ-రీడరే.