నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: కమోడ్‌కి ఏ ప్లంజర్ కొనాలి

మాది విశాఖ అక్కయ్యపాలెంలో పాత ఫ్లాటు. ఇంట్లో అయిదుగురం, ఒకటే వెస్టర్న్ కమోడ్. ఈ ప్లంజర్, అంటే అడ్డు పడితే పొడిచే, కర్రకి రబ్బరు కప్పున్న సాధనం, కొని నాలుగేళ్లు దాటింది. కొన్న రోజును మాత్రం ఇప్పటికీ ఎవరం మర్చిపోలేదు.

ఆ రోజు సింహాచలం చందనోత్సవం. అప్పన్న నిజరూప దర్శనానికని అత్తయ్యవాళ్లు శ్రీకాకుళం నుంచి ముందురోజు రాత్రే దిగారు. తెల్లవారుజామున మూడింటికి అందరూ స్నానాలకు హడావుడి పడుతుంటే కమోడ్ నిండిపోయింది. మా బావమరిది కంగారులో ఇంకోసారి ఫ్లష్ నొక్కాడు. ఇంకేముంది, నీళ్లు అంచు దాటి, గడప కూడా దాటి హాల్లోకి వచ్చేశాయి. లోపల్నుంచి "బావా, ఆగట్లేదు!" అని కేకలు. ఫ్లష్ ట్యాంకు పక్కన గోడకుండే యాంగిల్ కాక్ (ట్యాంకుకి నీళ్లు ఆపే చిన్న కుళాయి) కట్టేస్తే చాలని అప్పుడు తట్టలేదు. తట్టాక చూస్తే అది బిగుసుకుపోయి ఉంది, తువ్వాలు చుట్టి తిప్పాను. ఇప్పుడు నెలకోసారి ఊరికే అయినా దాన్ని తిప్పి వదులుతుంటాను.

ఇంట్లో సింకు కోసం కొన్న రబ్బరు కప్పు ఉంది. దాంతో అరగంట కుస్తీ పట్టినా చెమటలు తప్ప ఏమీ రాలేదు. కారణం తర్వాత పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ షాపాయన చెప్పాడు. ఆ కప్పు అడుగు చదునుగా ఉంటుంది, సమతలంగా ఉన్న సింకుకే అతుక్కుంటుంది. కమోడ్ అడుగున ఉన్నది గుండ్రటి వంపు, అక్కడ పక్కల్నుంచి గాలి పోతుంది. కమోడ్‌కి కావాల్సింది కప్పు లోపల్నుంచి ఇంకో రబ్బరు గొట్టంలా కిందికి దిగి ఉండే రకం. అది రంధ్రంలో కూర్చుంటుంది. 280 రూపాయలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి పది పోట్లు వేశానో లేదో, గుడగుడమని మొత్తం దిగిపోయింది. తీరా చూస్తే బయటపడింది తడి వైప్! ప్యాకెట్ మీద ఏం రాసినా సరే, అవి టిష్యూలా నీళ్లలో విడిపోవు.

వాడటంలో చిన్న కిటుకు ఉంది. రబ్బరు పూర్తిగా మునిగేలా నీళ్లుండాలి, లేకపోతే తోసేది గాలినే. మొదటి పోటు నెమ్మదిగా వేసి లోపలి గాలి పోనివ్వాలి, లేదంటే ఆ నీళ్లు మొహం మీదికే వస్తాయి (అనుభవం). తోయడం ఎంత ముఖ్యమో వెనక్కి లాగడం అంతకన్నా ముఖ్యం. అడ్డం పడ్డది చాలాసార్లు కదిలేది ఆ లాగుడుకే. అంతకుముందే యాసిడో, డ్రైన్ పౌడరో పోసి ఉంటే మాత్రం ప్లంజర్ ముట్టుకోవద్దు, చిందితే కళ్లు పోతాయి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. సలసల కాగే నీళ్లు కూడా పోయకండి, పింగాణీ పగలొచ్చు.

దీంతో పని జరగని సందర్భం కూడా ఒకటి చూశాను. కిందటి వానాకాలం ఎంత పొడిచినా కమోడ్ దిగలేదు, పైగా స్నానాల గది తూములోంచి మురికి నీళ్లు బుడబుడమని పైకొచ్చాయి. అలా కనబడితే అడ్డు కమోడ్‌లో లేదు, బయట చాంబర్‌లోనో (మురుగు పైపులు కలిసే గుంత) మెయిన్ లైన్‌లోనో ఉందని అర్థం. ఆ రోజు మురుగు లాగే మిషన్ లారీని పిలిపించాం. ఎవరో మనిషిని లోపలికి దింపుదామన్నారు, వద్దన్నాను. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం, దాని సంగతి అటుంచినా విషవాయువులకు ప్రాణాలే పోతాయి.

ఇక లోపాలు. మూడో ఏడు నుంచి రబ్బరు గట్టిపడింది. ఇప్పుడు వాడే ముందు అయిదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పెడితేగానీ మెత్తబడదు. ఈ ఏడాది మార్చేయాలి. కర్ర మాత్రం చెక్కది కాబట్టి చెక్కుచెదరలేదు. దీంతోపాటు కొన్న, పైపులోకి దూర్చి అడ్డు తీసే ఇనుప స్ప్రింగ్ తీగ అయితే మన విశాఖ ఉప్పుగాలికి ఏడాదిలోనే తుప్పు పట్టి ముక్కలైంది, ఆ డబ్బులు దండగ.

సింకుదీ కమోడ్‌దీ ఒకేచోట ఉంచకండి. మా ఆవిడ కమోడ్‌దాని కర్రకి ఎర్ర రిబ్బన్ కట్టి, బాత్రూం తలుపు వెనక మేకుకి తగిలించింది.