శిల్పారామంలో కొన్న చేర్యాల పల్లె చిత్రం

మాదాపూర్ శిల్పారామంలోని ఒక దుకాణంలో కొన్న ఈ చేర్యాల చిత్రంలో దేవతలు లేరు, పురాణ ఘట్టాలు లేవు, పల్లె మాత్రమే ఉంది. పూర్వం తెలంగాణలోని చేర్యాల ఊళ్లో తరతరాలుగా ఈ చిత్రాలు గీసే నకాషీ చిత్రకారులు కులపురాణాలు చెప్పే కళాకారుల కోసం గజాల కొద్దీ పొడవైన పటాలు గీసేవారు, కథ అందులో పైనుంచి కిందికి ఒక్కో ఘట్టంగా సాగేది. గోడకు తగిలించే చిన్న చిత్రంలో అంత చోటు ఉండదు కనుక ఇక్కడ పల్లెను మూడు వరుసల్లో ఇమిడ్చారు. కింద నాగలి పట్టిన రైతు, నాట్లు వేసే ఆడవాళ్లు. నడుమ బావి, రోకళ్లతో దంచుతున్న ఇద్దరు స్త్రీలు. పైన ఇళ్లు, మేకల మంద కనిపిస్తాయి.

పై వరుసలోని మనుషులు దూరాన ఉన్నారని చిన్నగా గీయలేదు, అందరూ ఒకే ప్రమాణంలో ఉన్నారు. అందువల్ల మన చూపు లోతుకు పోకుండా ఒకరి నుంచి మరొకరికి నడుస్తుంది. వరుసల మధ్య అడ్డగీతలు కూడా లేవు. పొలం గట్టున మొదలై పైకప్పుల దాకా ఎగబాకిన ఒక్క తాటిచెట్టు, దాని నడిమిన మోకు వేసుకున్న గౌడు, ఈ రెండే మూడు వరుసలనూ కలిపి ఉంచుతున్నాయి. చిత్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన నేర్పు ఇదే.

నేపథ్యమంతా చేర్యాల సంప్రదాయంలోని ఎరుపే. ఆ ఎరుపులో కలిసిపోకుండా చీరలకు పసుపు, ఆకుపచ్చ రంగులు వాడి, సన్నని నల్లగీతతో అంచులు కట్టి, నగలను తెల్లని చుక్కలతో తేల్చారు. కళ్లు పెద్దవి, గీత ఎక్కడా తడబడలేదు. బావి నీళ్ల నీలం మాత్రం మితిమీరి మెరుస్తోంది. నీలిమందుతో వచ్చే ముదురు ఛాయ ఉంటే ఆ ఎరుపు పక్కన ఇంకా నిండుగా ఉండేది.

ఖాదీ బట్టకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పూతలుగా పట్టించి తయారుచేసే ఈ పటానికి చేతికి తెలిసే గరుకుదనం ఉంటుంది. దుకాణం వారు బిగించిన అద్దం దాన్ని కప్పేయడమే కాక, దీపం వెలుగులో మెరిసి పై వరుసను కనిపించనీయడం లేదు. కొనేవారు చట్రం లేకుండానే అడిగి తీసుకోవడం మంచిది. అయితే పూత పగలకుండా ఉండాలంటే మడతపెట్టకుండా చుట్టగా చుట్టించుకోవాలి, తడి తగలని గోడకే తగిలించాలి.