నంపైలో ఐన్‌సమ్, టెన్సర్‌డాట్: ఏ ఇండెక్స్‌కు ఏది జత? చాలాకాలం వాడాక సమీక్ష

టెన్సర్లను (ఎన్ని ఇండెక్సులైనా ఉండగల సంఖ్యల పట్టికలను) కంట్రాక్ట్ చేయడంలో, అంటే జతపడిన ఇండెక్సుల మీద గుణించి కూడడంలో, గుణకారం, కూడిక కంప్యూటర్ చూసుకుంటుంది. ఏ ఇండెక్స్‌ను దేనితో జత కట్టాలో మాత్రం మనమే తేల్చుకోవాలి. ఈ పనికి పైథాన్ లెక్కల లైబ్రరీ అయిన నంపైలో ఎక్కువగా వాడేవి టెన్సర్‌డాట్, ఐన్‌సమ్. ఏళ్ల తరబడి రెండూ వాడిన మీదట నా మాట ముందే చెప్పేస్తాను: ఐన్‌సమ్ వాడండి, అదీ బాణం గుర్తు పెట్టి అవుట్‌పుట్ రాసి మరీ వాడండి. టెన్సర్‌డాట్ ఒక్క జత ఉన్నచోట హాయిగా ఉంటుంది. రెండో జత చేరిందంటే జాగ్రత్త పడాలి. (ఐన్‌సమ్‌లో ప్రతి ఇండెక్స్‌కూ ఒక అక్షరం పెడతాం. ఒకే అక్షరం ఉన్నవి జతపడతాయి, బాణం తర్వాత రాయని అక్షరాల మీద కూడిక జరుగుతుంది. కింద ఆ అక్షరాలను ఐ, జె, కె అని తెలుగులో రాస్తున్నాను. కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాలే పెట్టాలి.)

టెన్సర్‌డాట్‌కు ఎన్ని యాక్సిస్‌లు కలపాలో ఒక సంఖ్యగా ఇవ్వొచ్చు. (ఒక్కో ఇండెక్స్ నడిచే దిశే యాక్సిస్.) ఏమీ ఇవ్వకపోతే 2 అనుకుంటుంది. అప్పుడు మొదటి టెన్సర్ చివరి రెండు యాక్సిస్‌లు, రెండో టెన్సర్ మొదటి రెండు యాక్సిస్‌లతో అదే వరుసలో జతపడతాయి. బోల్తా పడేది ఈ వరుస దగ్గరే. పక్కపక్కన ఉన్నవి ముందు కలిసి, తర్వాత వాటి అవతలివి కలుస్తాయని చాలామంది అనుకుంటారు. పి, క్యూ అనే రెండు చదరపు మాత్రికలు ఇచ్చి చూడండి. వచ్చేది పి-క్యూ లబ్ధపు జాడ (ట్రేస్, అంటే వికర్ణం మొత్తం) కాదు, పి ట్రాన్స్‌పోజ్‌ను క్యూతో గుణిస్తే వచ్చే జాడ. మొదటిదే కావాలంటే [0, 1], [1, 0] అని రెండు జాబితాలు ఇవ్వాలి. రెంటిలో ఏ ఒక్కటి సౌష్ఠవ మాత్రిక అయినా రెండు జవాబులూ ఒకటే అవుతాయి కాబట్టి, అలాంటి మాత్రికలతో పరీక్షిస్తే తప్పు ఎప్పటికీ దొరకదు.

రెండో ఇబ్బంది, మిగిలిన యాక్సిస్‌ల క్రమం. ముందు మొదటి టెన్సర్‌వి, వాటి వెనక రెండోదానివి వస్తాయి. 2×3×5 టెన్సర్‌లోని 3ను, 7×3 మాత్రికలోని 3తో కలిపితే 2×5×7 వస్తుంది. 3 ఉన్న చోటికే 7 రావాలంటే యాక్సిస్ చోటు మార్చే మూవ్‌యాక్సిస్ విడిగా వేయాలి. ఐన్‌సమ్‌లో అదే పని "ఐ జె కె, ఎల్ జె -> ఐ ఎల్ కె" అన్న ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇక బ్యాచ్ ఇండెక్స్ (ఒకేసారి చేసే అనేక లెక్కల్లో ఇది ఎన్నోదో చెప్పేది) ఉంటే టెన్సర్‌డాట్ జోలికే పోవద్దు. ఒక ఇండెక్స్‌ను రెండు వైపులా పంచుకుంటూ కూడకుండా ఉంచడం దానికి రాదు. 64×10×20ని 64×20×30తో 20 మీద కలిపితే 64×10×64×30 వస్తుంది. అంటే 19,200 సంఖ్యలు కావలసిన చోట 12,28,800.

ఐన్‌సమ్‌లో లోపాలు లేవని కాదు. బాణం రాయకపోతే మిగిలిన అక్షరాలను అక్షరక్రమంలో పేరుస్తుంది. "ఐ జె, జె కె" అంటే మామూలు గుణకారమే. "ఐ జె, జె హెచ్" అంటే మాత్రం దాని ట్రాన్స్‌పోజ్ వస్తుంది, హెచ్ అక్షరం ఐ కంటే ముందుంది కాబట్టి. ఇంకొకటి మరీ ప్రమాదం: ఒకే అక్షరానికి ఒకచోట పరిమాణం 1, మరోచోట 3 ఉంటే ఎర్రర్ ఇవ్వదు, 1ని సాగదీసి లెక్క కట్టేస్తుంది. టెన్సర్‌డాట్ అక్కడ ఆగిపోతుంది, ఈ విషయంలో దాన్నే మెచ్చుకోవాలి. కాంప్లెక్స్ సంఖ్యలకు కాంజుగేట్ (ఊహా భాగం గుర్తు మార్చిన రూపం) రెండింటిలో ఏదీ తనంతట తీసుకోదు. ఏ వైపు కావాలో చూసి మనమే పెట్టాలి.

పరీక్షకు నమ్మదగిన పద్ధతి ఒకటుంది. ప్రతి ఇండెక్స్‌కూ వేరే ప్రధాన సంఖ్యను పరిమాణంగా ఇవ్వండి: 2, 3, 5, 7. జత తప్పితే పరిమాణాలు కుదరక ఎర్రర్ అక్కడే వస్తుంది. అన్నీ 4×4 అయితే ఏ జతైనా నడుస్తుంది, ఏదో ఒక జవాబు వస్తుంది.

ఉపరితలం ఎంత వంగిందో చెప్పే వక్రత టెన్సర్ (రీమన్ టెన్సర్) దగ్గర ఈ చిట్కా పారదు, నాలుగు ఇండెక్సులూ ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి. రీమన్ టెన్సర్‌లో మొదటి ఇండెక్స్ పైన, మిగిలిన మూడూ కింద ఉన్నాయనుకుందాం. ఎక్కువగా కనిపించే సంప్రదాయంలో మొదటిదాన్ని మూడోదానితో కలిపితే, అంటే "ఎ బి ఎ సి -> బి సి" అంటే, రిచీ టెన్సర్ (రెండు ఇండెక్సులే మిగిలిన వక్రత) వస్తుంది. నాలుగోదానితో కలిపితే అదే రుణ గుర్తుతో వస్తుంది. రెండోదానితో కలిపితే సున్నా. మీ పుస్తకంలో గుర్తుల సంప్రదాయం ఏదో ముందు చూసుకోండి. నాలుగూ కిందే ఉంటే మధ్యలో విలోమ మెట్రిక్ (దూరాలు కొలిచే మెట్రిక్ టెన్సర్‌కు విలోమం) పెట్టాలి: "ఎ ఇ, ఇ బి ఎ సి -> బి సి". అది మరచినా ఐన్‌సమ్ కిమ్మనదు, పైనా కిందా అన్న తేడా దానికి తెలియదు.

సరిచూసుకోవడానికి గోళ ఉపరితలం తీసుకోండి. వ్యాసార్ధం 3, తీటా (ధ్రువం నుంచి కొలిచే కోణం) 60 డిగ్రీలు. రిచీ వికర్ణంలో 1, 0.75 రావాలి, స్కేలర్ వక్రత 2/9 రావాలి. మెట్రిక్ మరచి కింది ఇండెక్సులనే కలిపితే వికర్ణంలో రెండు చోట్లా 6.75 వస్తుంది. ఏకాంక గోళం, తీటా 90 డిగ్రీలు మాత్రం ఎంచుకోకండి. అక్కడ తప్పు లెక్కకూ ఒప్పు లెక్కకూ 1, 1 అనే వస్తుంది.

వేగం మాట. మూడు నాలుగు టెన్సర్లు ఒకేసారి ఇస్తే, ఆప్టిమైజ్ అడగనంతవరకు ఐన్‌సమ్ అన్ని ఇండెక్సుల మీదా ఒకే పెద్ద లూప్ నడుపుతుంది. 10×1000, 1000×5, 5×1000 మాత్రికలకు అది 5 కోట్ల మెట్లు. ముందు మొదటి రెండూ కలిపి తర్వాత మూడోది కలిపితే 50,000 + 50,000, అంటే లక్ష గుణకారాలు. చివరి రెండూ ముందు కలిపితే కోటీ 50 లక్షలు. జతలు అవే, క్రమం ఒక్కటే మారింది. ఆప్టిమైజ్ ఐచ్ఛికం నంపై 1.12 నుంచి ఉంది, కానీ ఇప్పటికీ మనం అడిగితేనే పని చేస్తుంది. దాన్ని ట్రూ చేస్తే గ్రీడీ పద్ధతిలో (ప్రతి మెట్టులో అప్పటికి మేలైన జతను ఎంచుకుంటూ) మంచి క్రమం వెతికి, వీలైన చోట వేగంగా మాత్రికా గుణకారం చేసే లైబ్రరీ బ్లాస్‌కు అప్పగిస్తుంది. "ఆప్టిమల్" అంటే అన్ని క్రమాలూ వెతుకుతుంది, టెన్సర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ వెతుకులాటే భారమవుతుంది. అదే లెక్క వేలసార్లు నడపాలంటే ఐన్‌సమ్‌పాత్‌తో దారి ఒక్కసారి కట్టించి, ప్రతిసారీ ఆ దారినే ఆప్టిమైజ్‌కు ఇవ్వండి. ఐన్‌సమ్‌పాత్ తిరిగిచ్చే పట్టికలో అతిపెద్ద మధ్యంతర టెన్సర్ పరిమాణం కూడా ఉంటుంది. మెమరీ తక్కువున్న యంత్రంలో నడిపే ముందు ఆ వరుస తప్పక చూడండి.